షాపును సర్కారు చూడాలి, ఫార్మసిస్టును మా కౌన్సిల్ నిలదీయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను గుంటూరు కొత్తపేటలో చిన్న మందుల షాపు నడుపుతున్న రిజిస్టర్డ్ ఫార్మసిస్టును. సొంత షాపు పెట్టకముందు విజయవాడ సూర్యారావుపేటలో ఒక నర్సింగ్ హోమ్ ఫార్మసీలో ఉద్యోగం చేశాను. రెండు చోట్లా చుట్టూ ఆసుపత్రులే, చేతికొచ్చేవన్నీ డాక్టర్ల చీటీలే. మందుల షాపుల మీద దాడులు జరిగినప్పుడల్లా జిల్లా పేజీలో వచ్చే వార్తలు వదలకుండా చదువుతాను. ఎన్ని షాపులు తనిఖీ చేశారో, ఎన్నింటికి నోటీసులిచ్చారో, ఎన్నింటి లైసెన్సు సస్పెండ్ చేశారో వాటిలో ఉంటుంది. 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో ఈగల్ (మత్తుమందుల్ని అరికట్టే రాష్ట్ర పోలీసు విభాగం), విజిలెన్స్, డ్రగ్ కంట్రోల్ అధికారులు రాష్ట్రంలో పలుచోట్ల ఒకేసారి షాపుల్లోకి వెళ్లినప్పుడు కూడా అలాంటి వార్తలే చదివాను. మత్తు కోసం వచ్చే కుర్రాళ్లకు ట్రమడాల్, అల్ప్రాజోలం చీటీ లేకుండా అమ్మేవాళ్లను పట్టుకోవాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు.

నాకు ఆ వార్తల్లో దొరకనిది ఒకటే. ఆ షాపుల గోడలకు ఫ్రేము కట్టి వేలాడదీసిన ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు ఎవరివి? ఆ ఫార్మసిస్టులను ఎవరైనా పిలిచి అడిగారా? షాపు కొన్ని రోజులు మూతపడి మళ్లీ తెరుచుకుంటుంది. సర్టిఫికెట్ తాలూకు మనిషి సంగతి ఏమైందో జనానికి తెలియదు. ఈ ఉత్తరం ఆ మనిషి గురించి, ఆ మనిషిని ఎవరు అడగాలన్న దాని గురించి.

మందుల షాపు మీద రెండు చట్టాలున్నాయని పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. 1930-31లో చోప్రా కమిటీ దేశంలో మందుల కల్తీ మీద విచారణ జరిపి, మందులకూ చట్టం కావాలి, మందులిచ్చేవాళ్ల చదువుకూ వృత్తికీ చట్టం కావాలి అని తేల్చింది. మొదటిది 1940లో డ్రగ్స్ చట్టంగా వచ్చింది. లైసెన్సు ఇచ్చేది, ఇన్‌స్పెక్టర్ని పంపేది, శాంపిల్ తీసి ల్యాబుకు పంపేది, కేసు పెట్టేది దాని కిందే. షాపు 10 చదరపు మీటర్లకు తగ్గకూడదు, బిల్లులు ఉండాలి, ఎక్స్‌పైరీ అయిన సరుకు విడిగా పెట్టాలి లాంటివన్నీ దాని రూల్సే. వృత్తి చట్టం మాత్రం 1948 దాకా రాలేదు. అదే ఫార్మసీ చట్టం. డాక్టరు చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప ఇంకొకరు చేయకూడదని అందులో 42వ సెక్షన్ చెబుతుంది. ఆ రిజిస్టరు రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ చేతిలో ఉంటుంది.

ఆ కౌన్సిల్ కూర్పు చూడండి. ఆరుగురిని రిజిస్టర్డ్ ఫార్మసిస్టులం మేమే ఓట్లేసి ఎన్నుకోవాలి. ఐదుగురిని రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేస్తుంది, వాళ్లలోనూ కనీసం ముగ్గురు ఫార్మసీ చదివినవాళ్లో రిజిస్టర్ అయినవాళ్లో అయ్యుండాలి. మెడికల్ కౌన్సిల్ తరఫున ఒకరుంటారు. డ్రగ్ కంట్రోల్ అధిపతి హోదా రీత్యా సభ్యులు. వృత్తికి తగని నడత రుజువైతే ఫార్మసిస్టు పేరును రిజిస్టరులోంచి తీసేయొచ్చని 36వ సెక్షన్ అంటుంది. తన దగ్గర పనిచేసేవాళ్లు తప్పు చేసినా ఆ ఫార్మసిస్టు జవాబు చెప్పుకోవాలి. కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం 26-ఎ సెక్షన్. ప్రభుత్వ అనుమతితో కౌన్సిల్ తన సొంత ఇన్‌స్పెక్టర్లను పెట్టుకోవచ్చు. వాళ్లు మందులిచ్చే ఏ చోటికైనా వెళ్లి, కౌంటర్ దగ్గరున్నది రిజిస్టర్డ్ మనిషేనా అని చూడొచ్చు, వచ్చిన ఫిర్యాదు మీద విచారణ చేయొచ్చు. అంటే మా వృత్తిని మేమే దిద్దుకునే అధికారం, దాని మీద ప్రభుత్వం కన్ను, రెండూ చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా ఎవరూ దయతలచి ఇవ్వక్కర్లేదు.

ఇది ఎందుకు ఇంత ముఖ్యమో ఒక రోగి సంగతి చెబితే తెలుస్తుంది.

సత్తెనపల్లి వైపు నుంచి ఒకావిడ మా షాపుకొచ్చింది. కీళ్లవాతంతో చేతివేళ్లు వంకర్లు పోయాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అమ్మా, నోరంతా పూసింది, మంచినీళ్లు తాగినా మంటే. పూసుకునే మందేదన్నా ఉంటే ఇవ్వు తల్లీ" అంది. నోటిపూతకు జెల్ అడిగేవాళ్లు రోజూ వస్తారు. అడిగింది ఇచ్చేస్తే బేరం అక్కడితో అయిపోతుంది. "ఇంకేం మందులు వాడుతున్నావమ్మా?" అంటే సంచిలోంచి ఒక కాగితం కవరు తీసింది. లోపల మెథోట్రెక్సేట్ బిళ్లల స్ట్రిప్పు, కత్తెరతో కోసిన ముక్క. బ్యాచ్ నెంబరు, తారీకు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయినట్టుంది. కవరు మీద బాల్‌పెన్నుతో "రాత్రి 1" అని రాసుంది. చీటీ చూపించమన్నాను. 7.5 మిల్లీగ్రాములు వారానికి ఒక్కసారి, ఆదివారం అని డాక్టరు స్పష్టంగా రాశారు. వేరే రోజు వేసుకోమని ఫోలిక్ యాసిడ్ కూడా రాశారు. చీటీలో ఏ లోపమూ లేదు.

"రోజూ వేసుకుంటున్నావా?" అన్నాను.

"రాత్రికి ఒకటేగా తల్లీ రాసింది? ఒక్క పూట కూడా మానలేదు" అంది. మందు సక్రమంగా వాడుతున్నానని చెప్పుకోవడం ఆవిడ మాటలో వినిపించింది.

కీళ్లవాతానికి ఈ మందు వారానికి ఒకసారి వేసుకుంటే మేలు చేస్తుంది. అదే మోతాదు రోజూ పడితే ఎముకల్లోని మజ్జ దెబ్బతింటుంది, రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. నోటిపూత దానికి తొలి గుర్తుల్లో ఒకటి. ఫార్మసీ చదివే ప్రతి విద్యార్థికీ చెప్పే పాఠం ఇది. ఆవిడకు జెల్ ఇవ్వలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, వెంట మనిషినిచ్చి ఆటో ఎక్కించాను. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా తగ్గాయని తేలింది. ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యం చేశారు, కోలుకుంది.

తర్వాత వాళ్లబ్బాయి వచ్చాడు. "ఎవరికి కంప్లయింటు ఇవ్వాలక్కా?" అని అడిగాడు. ఆ మందు కొన్న షాపు పేరు ఇక్కడ రాయను, ఈ ఉత్తరం ఒక షాపు మీద కోపంతో రాసింది కాదు. కానీ ఆ పిల్లవాడి ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ షాపుకు లైసెన్సు ఉంది. మందు అసలుదే, నాసిరకం కాదు. చీటీ ఉంది, బిల్లు ఉంది, గోడ మీద సర్టిఫికెట్ ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఏడాదికి ఒక్కసారైనా ప్రతి షాపునూ చూడాలని రూలు. ఆయన వెళ్లి అన్ని కాగితాలూ తిరగేసినా ఈ తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు కాగితంలో లేదు. చీటీ చదవడం రాని చేయి కవరు మీద "రాత్రి 1" అని రాయడంలో ఉంది. చదవడం వచ్చిన మనిషి ఆ పూట షాపులో లేకపోవడంలో ఉంది.

ఇన్‌స్పెక్టర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2003లో కేంద్రం వేసిన మషేల్కర్ కమిటీ 200 అమ్మకపు షాపులకు ఒక ఇన్‌స్పెక్టరు ఉండాలంది. ఆ లెక్కన పోస్టులన్నీ నింపినా ఒక్కో షాపు దగ్గర ఆయన ఏడాదిలో గడపగలిగేది కొన్ని గంటలు. మిగిలిన ఏడాదంతా కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చూసేవాళ్లెవరు? దానికి ఇన్‌స్పెక్టర్లను ఎంతమందిని పెంచినా చాలదు. ఆ కాపలా వృత్తిలోంచే రావాలి.

మరి వృత్తిలోంచి ఎందుకు రావడం లేదు? అద్దె సర్టిఫికెట్ల వల్ల. ఈ మాట రాస్తే మావాళ్లలో కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. పిల్లలు డిప్లొమానో, బీ ఫార్మసీనో పూర్తి చేస్తారు. రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో వేరే ఉద్యోగంలో చేరతారు. సర్టిఫికెట్ మాత్రం ఇక్కడ ఏదో షాపు గోడ మీద ఉంటుంది. నెలకు ఇంతని తల్లిదండ్రుల ఖాతాలో పడుతుంది. చదివించినందుకు అదొక ఆదాయం అనుకుంటారు వాళ్లు, నిజంగానే అందులో తప్పుందని తోచదు చాలామందికి. తనిఖీ ఉందని తెలిస్తే ఓనరు ఫోన్ చేస్తాడు, దగ్గర్లో ఉంటే వచ్చి కూర్చుంటారు, లేకపోతే "ఇప్పుడే భోజనానికి వెళ్లారు సార్" అంటాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. ఆ కుర్రాడి మీద నాకు జాలే. పదో తరగతి చదివి, బ్రాండ్ల పేర్లు, అరల నెంబర్లు కంఠతా పట్టి, పొద్దున్నుంచి రాత్రి పది దాకా నిలబడతాడు. వారానికి ఒకసారి వేసే మందులు కొన్ని ఉంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు.

బీహార్‌లో నకిలీ ఫార్మసిస్టుల మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2022 నవంబరులో గట్టిగానే మాట్లాడింది. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు లేకుండా ఆసుపత్రులూ మందుల షాపులూ నడపడం జనం ఆరోగ్యంతో ఆడుకోవడమేనని, అలా జరగకుండా చూసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదీ ఫార్మసీ కౌన్సిల్‌దీ అని చెప్పింది. ఇద్దరి పేర్లూ కలిపి చెప్పింది. షాపు మీద చర్య లైసెన్సు ఇచ్చినవారు తీసుకోవాలి, సర్టిఫికెట్ అద్దెకిచ్చిన మనిషి మీద చర్య రిజిస్టరు ఉన్నవారు తీసుకోవాలి. ఒకటి జరిగి రెండోది జరగకపోతే అదే సర్టిఫికెట్ ఇంకో పేట గోడ మీదికి మారుతుంది, అంతే.

నియమాలు లేకనా అంటే, ఉన్నాయి. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు తెచ్చింది. ఫార్మసిస్టు తెల్లకోటు వేసుకోవాలి, పేరూ రిజిస్ట్రేషన్ నెంబరూ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి, మందు ఎలా వాడాలో రోగికి చెప్పాలి అని అందులో రాసుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లాలని కూడా ఉంది, ఒక్కోటి కనీసం ఒకరోజు. ఐదేళ్లకు రెండు రోజులు! ఏటా పదుల కొద్దీ కొత్త మందులు అరల్లోకి వస్తుంటే ఈ చదువు ఏ మూలకు? అయినా ఉన్నది కచ్చితంగా అమలైతే నేను అదే సంతోషం అనుకుంటాను.

ప్రభుత్వం చేయగలిగే పనికీ వృత్తి చేయగలిగే పనికీ తేడా ఎక్కడుందో యాంటీబయాటిక్స్ దగ్గర బాగా కనిపిస్తుంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా అమల్లోకి వచ్చింది. అందులోని మందులు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎన్ని అనేది వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. సెఫిక్సిమ్ ఆ జాబితాలో ఉంది. అజిత్రోమైసిన్ లేదు, అది మామూలు షెడ్యూల్ హెచ్. రెండిటికీ చీటీ కావాలి, కానీ రిజిస్టరు ఒకదానికే. జలుబుకూ ఒళ్లునొప్పులకూ మూడు రోజుల కోర్సు అని జనం అడిగేది అజిత్రోమైసినే. "రేపు పొలం పనుంది, ఆసుపత్రికి పోతే పూటంతా పోద్ది, ఆ మూడు బిళ్లల మందిచ్చేయమ్మా" అంటారు. ఇవ్వనంటే కోపం తెచ్చుకోరు, నవ్వి పక్క షాపుకు వెళ్తారు. పక్క షాపులో ఇస్తారు.

ఇక్కడ ఒక్క ఫార్మసిస్టు నిజాయితీ సరిపోదు. నేనొక్కదాన్నే ఇవ్వకపోతే నా బేరం పోవడం తప్ప, యాంటీబయాటిక్స్ ఇష్టమొచ్చినట్టు వాడటంతో జబ్బులకు ఆ మందులు పనిచేయకుండా పోవడం ఆగదు. ఉద్యోగం చేసేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. నాకు తెలిసిన ఒకమ్మాయి చీటీ లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వనంటే ఓనరు, "నీ నీతులు మీ ఇంటి దగ్గర చెప్పుకో, ఇక్కడ బేరం పోగొట్టమాక" అన్నాడు. ఆ అమ్మాయి మానేసింది. చట్టం ఆ అమ్మాయి వైపే ఉంది. అయితే చట్టం తరఫున ఆమె పక్కన నిలబడ్డవాళ్లు లేరు. ఆమె ఒక ఉత్తరం రాస్తే కౌన్సిల్ ఆ ఓనరుకూ, ఆ షాపుకు సర్టిఫికెట్ ఇచ్చిన తర్వాతి మనిషికీ నోటీసు పంపే రోజు వస్తే, వీధిలో అన్ని షాపులూ ఒకే మాట మీద ఉంటాయి. కేరళలో 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో ప్రభుత్వమే చీటీ లేని యాంటీబయాటిక్ అమ్మకాల మీద పడింది. అది మంచి పని. మన దగ్గరా ప్రభుత్వం దిగాలి, వృత్తి కూడా దిగాలి.

ఇంకో ఉదాహరణ. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర డ్రగ్ కంట్రోల్ సంస్థ ఆదేశం ఇచ్చింది, లేబుల్ మీద ఆ హెచ్చరిక వేయమంది. లేబుల్ మీద వేయించడం వరకే సర్కారు చేయగలదు. చంకలో ఏడాది బిడ్డతో వచ్చి "పిల్లోడికి ముక్కు కారతంది, దగ్గుమందివ్వమ్మా" అనే తల్లి సీసా మీద చిన్నక్షరాల ఇంగ్లీషు చదవదు. ఆమెకు ఆ ఆదేశం చేరాలంటే నా నోటి నుంచే చేరాలి. నేను చెప్పానా లేదా అన్నది ఏ ఇన్‌స్పెక్టరూ రిజిస్టరు చూసి తేల్చలేడు.

అలాగని అంతా వృత్తికే వదిలేయమని నేను ఎన్నడూ అనను. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గుమందు తాగి పసిపిల్లలు చనిపోయారు. తమిళనాడు కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. ఆ సీసా నా షాపుకు వచ్చి ఉంటే నేను కూడా పట్టుకోలేను. చూడ్డానికి, వాసనకు తేడా ఉండదు. అది ల్యాబు పట్టుకోవాలి, ఫ్యాక్టరీలో ముడిసరుకు దగ్గర ఇన్‌స్పెక్టరు పట్టుకోవాలి. ఎంత మంచి కౌన్సిల్ అయినా ఆ పని చేయలేదు. ఆ పని సర్కారు మానేసి రిజిస్టర్లు, బ్యాడ్జిల మీద పడితే ఇంకా ప్రమాదం. నాకు తోచేది, వృత్తి తన వంతు బరువు మోస్తే ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీల మీద, హోల్‌సేల్ గోడౌన్ల మీద, శాంపిళ్ల మీద ఎక్కువ సమయం పెట్టగలుగుతారు.

మమ్మల్ని మేమే దిద్దుకుంటామంటే జనానికి అనుమానం రావడం కూడా సహజం. 'వాళ్లూ వాళ్లూ ఒకటే' అంటారు. ఆ అనుమానానికి కారణాలున్నాయి. మందుల వ్యాపారుల సంఘాలు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇస్తే తప్ప కంపెనీలు కొత్త స్టాకిస్టును (టోకు వ్యాపారిని) పెట్టుకోకూడదన్న పద్ధతి చాలాకాలం నడిచింది. అది పోటీని దెబ్బతీస్తోందని 2013లో కాంపిటీషన్ కమిషన్ తేల్చింది. స్వీయ నియంత్రణ పేరుతో తలుపులు మూసుకోవడం ఎలా ఉంటుందో అందులో చూశాం. వ్యాపారుల సంఘం వేరు, వృత్తి కౌన్సిల్ వేరు. మార్జిన్ల గురించి, ఆన్‌లైన్ అమ్మకాల గురించి సంఘం కొట్లాడుతుంది, కొట్లాడాలి. రోగి వైపు నుంచి ఫార్మసిస్టును ప్రశ్నించే పని ఆ సంఘానిది కాదు, కాకూడదు.

బ్రిటన్‌లో ఫార్మసిస్టుల సొసైటీ 1841లో పుట్టింది. వృత్తి తరఫున మాట్లాడే సంఘమూ అదే, వృత్తిని క్రమశిక్షణలో పెట్టే సంస్థా అదే. ఒకే చేత్తో రెండు పనులూ కుదరవని చివరికి 2010లో విడదీశారు. రిజిస్టరు, విచారణలు, తనిఖీలు కొత్తగా పెట్టిన జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్‌కి వెళ్లాయి. దాని పాలక మండలిలో 14 మంది ఉంటే అందులో 7గురు ఫార్మసీతో సంబంధం లేని మామూలు పౌరులు. ఖర్చు ఫార్మసిస్టులు, ఫార్మసీలు కట్టే ఫీజులతో నడుస్తుంది. మంత్రిత్వ శాఖలో కలిపేయలేదు, మావాళ్లకే వదిలేయనూ లేదు. మన చట్టంలో రోగుల తరఫు మనిషికి కుర్చీ లేదు. డాక్టరుకు ఉంది, అధికారికి ఉంది, మందు మింగేవాడికి లేదు. ఆ కుర్చీ వేయాలి.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 1948 చట్టాన్ని తీసేసి నేషనల్ ఫార్మసీ కమిషన్ పెట్టే బిల్లు ముసాయిదాను 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ జనం ముందు పెట్టింది. డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ పోయి 2020లో కమిషన్ వచ్చిన దారిలోనే ఇదీ ఉంది. చదువుకు ఒక బోర్డు, కాలేజీల మదింపుకు ఒక బోర్డు, నడతకూ రిజిస్ట్రేషన్‌కూ ఒక బోర్డు. నడతకు ప్రత్యేకంగా బోర్డు ఉండటం నాకు నచ్చింది. కాలేజీలకు అనుమతులిచ్చే హడావిడిలో మా నడత ఇన్నాళ్లూ వెనకబడింది కాబట్టి అది మేలే చేస్తుంది. నచ్చనిది, ఎన్నికల స్థానంలో నియామకాలకే పెద్దపీట వేయడం. కౌన్సిళ్లలో ఎన్నికలు సరిగ్గా జరగవు, రాజకీయాలు చేరతాయి అంటారు. నిజమే కావచ్చు. ఎన్నికలు బాగుచేయడం దానికి మందు, తీసేయడం కాదు. నేను ఓటేసిన మనిషి నన్ను శిక్షిస్తే దాన్ని గౌరవిస్తాను, లోపల బాధున్నా. ఢిల్లీ నుంచి నియమించిన బోర్డు పంపే నోటీసు నాకు ఇంకొక ఇన్‌స్పెక్టరు నోటీసు లాంటిదే అవుతుంది. రూలు తప్పించుకునే దారి వెతకడం అక్కడే మొదలవుతుంది. ఆ బిల్లు మళ్లీ కదిలినప్పుడు సగం మందిని ఫార్మసిస్టులు ఎన్నుకునేలా, రోగుల తరఫున ఎవరైనా ఉండేలా మార్చమని మన రాష్ట్ర ఎంపీలను అడుగుతున్నాను.

బిల్లు కోసం ఆగకుండా ఇవాళే చేయగలిగినవీ ఉన్నాయి. ఏ ఫార్మసిస్టు ఏ షాపులో పనిచేస్తున్నారో డ్రగ్ కంట్రోల్ లైసెన్సుల్లో ఉంటుంది. ఏ ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ బతికి ఉందో కౌన్సిల్ రిజిస్టరులో ఉంటుంది. ఈ రెండు జాబితాలనూ కలిపి, ఎవరైనా చూసేలా పెట్టమని కోరుతున్నాను. ఒకే మనిషి సర్టిఫికెట్ రెండు జిల్లాల్లో ఉంటే, లేదా రిజిస్ట్రేషన్ ఉన్న మనిషి పగలు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తుంటే చుట్టుపక్కలవాళ్లే చెబుతారు. షాపు లైసెన్సు సస్పెండ్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలు కాపీ కౌన్సిల్‌కు వెళ్లాలి. కౌన్సిల్ ఆ ఫార్మసిస్టును పిలిచి విచారించాలి. 26-ఎ కింద ఎన్ని తనిఖీలు చేసిందీ, 36 కింద ఎన్ని పేర్లు తీసిందీ ఏటా పత్రికలకు ఇవ్వాలి. మొదటిసారి తెలియక సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల పేర్లను వెంటనే కొట్టేయమని నేననను. పిలిచి హెచ్చరించి, ఒక గడువు పెట్టి కౌంటర్ దగ్గరికి రమ్మనాలి. రాకపోతే అప్పుడు తీసేయాలి.

మెథోట్రెక్సేట్ లాంటి మందులకు చిన్న చిన్న కట్టుబాట్లు మేమే పెట్టుకోవచ్చు. వారానికి ఒకసారి వేసే బిళ్ల అయితే కవరు మీద ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి, ఒకేసారి నాలుగు వారాలకు మించి ఇవ్వకూడదు, స్ట్రిప్పు కోసినా తారీకు ఉన్న వైపు రోగికే ఇవ్వాలి. దీనికి పార్లమెంటు అక్కర్లేదు. కౌన్సిల్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, గుంటూరు, విజయవాడ ఫార్మసీ కాలేజీల్లోని పంతుళ్లు దాన్ని పిల్లలకు నేర్పగలరు. నేనైతే మా షాపులో ఈ పద్ధతి పెట్టి చాలాకాలమైంది. 'ఆదివారం మాత్రమే' అని రాసి, రోగి చేత ఒకసారి చదివించుకుంటాను. చదువురానివాళ్లైతే వెంట వచ్చినవాళ్ల చేత.

పాఠకులకు ఒక విన్నపం. మందులు తీసుకునేటప్పుడు కౌంటర్ వెనక ఉన్నవాళ్లను "మీలో ఫార్మసిస్టు ఎవరండీ?" అని అడగండి. బ్యాడ్జి మీద రిజిస్ట్రేషన్ నెంబరు చూడండి. కనిపించకపోతే చూపించమనండి. అడిగినందుకు మంచి ఫార్మసిస్టు ఎవరూ ఏమీ అనుకోరు. మందు వాడే పద్ధతి చెప్పేదాకా కదలకండి. వెనక క్యూ ఉన్నా ఫరవాలేదు.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు,
కొత్తపేట, గుంటూరు